స్పెక్ట్రమ్ క్యాసెట్లలోంచి పాత ఉత్తరాలు, లెక్కలు బయటికి తీయడం: నా అనుభవం

1982లో ఇంగ్లండులో వచ్చిన జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్‌కి డిస్కు లేదు. రాసిన ప్రోగ్రామైనా, టైపు చేసిన ఉత్తరమైనా మామూలు పాటల క్యాసెట్లోకే శబ్దంగా వెళ్ళేది. మన దేశంలో డెసిబెల్స్ ఎలక్ట్రానిక్స్ లైసెన్సు తీసుకుని డీబీ స్పెక్ట్రమ్ ప్లస్ పేరుతో 1980ల రెండో సగంలో ఇదే మెషీన్ని అమ్మింది. నా చేతికొచ్చిన క్యాసెట్లలో రెండు రకాలూ ఉన్నాయి: అప్పట్లో ఇంగ్లండులో డాక్టరుగా పనిచేసిన తెలుగాయన ఇంట్లోవి కొన్ని, కోస్తా ఊళ్ళో అటక మీంచి దించినవి కొన్ని. వాటిలో ఉన్నవి టాస్‌వర్డ్ టూ అనే టైపింగ్ ప్రోగ్రాములో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టిన తెలుగు ఉత్తరాలు, ఇంటి ఖర్చులు, ఇచ్చిపుచ్చుకున్న అప్పుల పట్టికలు. ఆటల క్యాసెట్లు పోతే ఇంకెక్కడైనా దొరుకుతాయి. ఇవి పోతే మాత్రం ప్రపంచంలో ఇంకో కాపీ లేదు. అందుకే పద్ధతి మొత్తం వివరంగా రాస్తున్నాను.

పాత స్పెక్ట్రమ్ ఎక్కడైనా సంపాదించి, టేప్‌రికార్డర్ తగిలించి లోడ్ కొడదామని చాలామందికి మొదట తోస్తుంది. ఆ దారిలో వెళ్ళకండి. ఒక్కచోట సిగ్నల్ తప్పినా "ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్" అని ఆగిపోతుంది. ఎక్కడ తప్పిందో, ఎంత మేరకు తప్పిందో చెప్పదు. మళ్ళీ వెనక్కి తిప్పి, మళ్ళీ పెట్టి, వాల్యూమ్ మార్చి మార్చి చూడాలి. నలభై ఏళ్ళ టేపుని అన్నిసార్లు తిప్పడమే దానికి హాని. చేయాల్సింది, టేపుని ఒకటి రెండుసార్లు మంచిగా తిప్పి శబ్దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించుకోవడం. మిగతా పనంతా ఆ ఫైలు మీదే.

క్యాసెట్ చేతిలోకి తీసుకోగానే మొదట పై అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పలకలు విరిచేయాలి. ఎ సైడు మన వైపు, టేపు కనిపించే అంచు కిందికి ఉండేలా పట్టుకుంటే, పైన ఎడమ మూల ఉన్న పలక ఎ సైడుది. అది లేకపోతే రికార్డు బటన్ పడదు. ఆ తర్వాత టేపు కనిపించే అంచు మధ్యలో రాగి రంగు స్ప్రింగు మీద ఫెల్ట్ ముక్క ఉందో లేదో చూడాలి. టేపుని హెడ్‌కి ఆనించి ఉంచేది ఆ ముక్కే. దాన్ని అంటించిన జిగురు ఎండిపోయి రాలిపోవడం పాత క్యాసెట్లలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే జబ్బు. ప్యాడ్ లేకుండా ప్లే చేస్తే శబ్దం వస్తుంది, కానీ పైకీ కిందకీ ఊగుతూ వస్తుంది. పాట అయితే చెవి సర్దుకుంటుంది, డేటా సర్దుకోదు.

ప్యాడ్ పోయిన క్యాసెట్‌కి నేను కొత్త ప్యాడ్ అంటించను. అయిదు స్క్రూలున్న మంచి క్యాసెట్ ఒకటి తీసుకుని, అందులో టేపు తీసేసి, పాత రీళ్ళు రెండూ ఎత్తి ఇందులో పెడతాను. రీళ్ళకి పైనా కిందా ఉండే పల్చటి నున్నటి షీట్లు, రెండు మూలల చిన్న రోలర్లు, వాటి ఇనుప పిన్నులు అన్నీ కొత్త డబ్బావే వాడాలి. స్క్రూలు లేకుండా అతికేసిన డబ్బా అయితే, లేబులు లేని అంచు నుంచి మొదలుపెట్టి పల్చటి బ్లేడు అతుకులో దూర్చి మెల్లగా తిప్పుతూ రావాలి. బ్లేడు రెండు మూడు మిల్లీమీటర్లకు మించి లోపలికి పోకూడదు. లోపల చుట్టిన టేపు అంచే ఉంటుంది.

కోస్తా నుంచి వచ్చిన టేపుల్లో కిటికీలోంచి చూస్తే చుట్ట మీద తెల్లటి మచ్చలు కనిపిస్తాయి. అది బూజు. ఆ క్యాసెట్లని మిగతావాటితో కలపకూడదు, మాస్కు లేకుండా తెరవకూడదు. సిలికా జెల్ పొట్లాలతో మూత గట్టిగా ఉన్న డబ్బాలో కొన్ని రోజులు ఉంచితే బూజు పొడిగా మారుతుంది. అప్పుడు రీళ్ళు బయటికి తీసి, ఆరుమూలల పెన్సిలుతో చేత్తోనే మెల్లగా చుడుతూ, టేపుకి రెండు వైపులా మెత్తటి, పోగులు రాలని పొడిగుడ్డ తగిలేలా పట్టుకోవాలి. ఇలా శుభ్రం చేయకుండా డెక్కులో పెడితే ఆ పొడి హెడ్ మీద పేరుకుంటుంది. అక్కడి నుంచి తర్వాత పెట్టే ప్రతి టేపుకీ పాకుతుంది.

ఇంత జాగ్రత్త ఎందుకో లెక్క చూస్తే తెలుస్తుంది. క్యాసెట్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు కదులుతుంది. స్పెక్ట్రమ్ ఆ సెకనులో సుమారు 170 బైట్లు రాస్తుంది. అంటే ఒక సెంటీమీటరు టేపులో ఇంచుమించు 36 అక్షరాలు. ఒక్క మిల్లీమీటరు మచ్చ ఉంటే మూడు నాలుగు అక్షరాలు పోతాయి. తెగిన టేపు అతికేటప్పుడు కూడా ఇది గుర్తుంచుకోవాలి. నలిగిన చివరలు కత్తిరించి పారేయకుండా, ఉన్నంత మేరా సాఫు చేసి, రెండు కొసలూ ఒకదానికొకటి ఆనేలా పెట్టి, క్యాసెట్ కోసమే అమ్మే స్ప్లైసింగ్ టేపు వెనకవైపు వేయాలి. మామూలు సెల్లోటేపు జిగురు పక్క చుట్టుకి అంటుకుంటుంది.

డెక్కు విషయంలో, ఖరీదైనదే కావాలని లేదు. బెల్టు కొత్తదై, టేపుని నొక్కి లాగే రబ్బరు పించ్ రోలర్ గట్టిపడకుండా ఉన్న స్టీరియో డెక్కు చాలు. హెడ్, టేపుని నడిపే ఇనుప కడ్డీ (క్యాప్‌స్టన్) 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. రబ్బరు రోలర్‌కి ఆల్కహాల్ బదులు సబ్బునీళ్ళ తడి వాడి ఆరబెడతాను. హిస్ తగ్గించే డాల్బీ ఆపేయాలి. హెడ్‌ఫోన్ లేదా లైన్ అవుట్ నుంచి వైరుని కంప్యూటర్ లైన్ ఇన్‌లోకే ఇవ్వాలి. మైకు సాకెట్లో ఇస్తే తరంగాల కొనలు తెగి, అంచులు జరుగుతాయి. లైన్ ఇన్ లేని ల్యాప్‌టాప్‌కి స్టీరియో లైన్ ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ సౌండ్ కార్డ్ సరిపోతుంది. ఆడాసిటీ అనే సౌండ్ రికార్డింగు ప్రోగ్రాములో 44.1 కిలోహెర్ట్జ్ (సెకనుకి 44,100 శాంపిళ్ళు), 24 బిట్, స్టీరియో పెట్టి, అత్యధిక స్థాయి మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూసుకోవాలి. కంప్యూటర్లో శబ్దాన్ని దానంతటదే సరిచేసే "ఎన్‌హాన్స్‌మెంట్స్" అన్నీ ఆపేయాలి. హిస్ తగ్గించే ఫిల్టర్లు వేయకూడదు, ఎంపీ3గా దాచకూడదు. అవి మనిషి చెవికి పనికొచ్చేవి మాత్రమే మిగులుస్తాయి. మనకి కావాల్సింది తరంగం సున్నా గీతని దాటే క్షణం.

మోనో టేపుకి స్టీరియో డెక్కు ఎందుకంటే, అప్పటి చిన్న రికార్డర్లు ఒక సైడుకి 1.5 మిల్లీమీటర్ల వెడల్పున ఒకే ట్రాకు రాసేవి. స్టీరియో హెడ్ దాన్నే రెండు పాయలుగా చదువుతుంది. అంటే ఒక్కసారి ప్లే చేస్తే ఒకే డేటాకి రెండు చదువులు దొరుకుతాయి. మచ్చ ఒక అంచున ఉంటే ఒక చానెల్ చెడుతుంది, రెండోది బాగుంటుంది. ఆ రెండింటినీ కలిపి మోనో చేయడం మాత్రం తప్పు, మంచిదాన్ని కూడా చెడ్డది పాడుచేస్తుంది.

ఇదే పద్ధతిలో అజిమత్, అంటే హెడ్ వంపు కూడా సరిచూసుకోవచ్చు. రికార్డు చేసిన మెషీన్ హెడ్ ఏ వంపులో ఉందో మన హెడ్ కూడా అదే వంపులో లేకపోతే అంచులు మొద్దుబారతాయి. ప్లే చేస్తూ, హెడ్ పక్కన స్ప్రింగు ఉన్న స్క్రూని చిన్న స్క్రూడ్రైవర్‌తో కొద్దికొద్దిగా, అటూ ఇటూ పావు చుట్టుకి మించకుండా తిప్పాలి. శబ్దం ఎప్పుడు బాగా కీచుమంటుందో అది సరైన చోటు. ప్రతి భాగానికి ముందు నిలకడగా వచ్చే పైలట్ కూత దగ్గర తిప్పితే తేడా తెలియదు, డేటా గరగరలాడే చోటే తిప్పాలి. తర్వాత కొంచెం రికార్డు చేసి, ఆడాసిటీలో బాగా పెద్దది చేసి చూస్తే, ఎడమ, కుడి చానెళ్ళ అంచులు ఒకే నిలువు గీత మీద పడాలి. ఒకటి ముందు, ఒకటి వెనక ఉంటే ఇంకా తిప్పాలి. టేపు టేపుకీ ఈ స్థానం మారుతుంది. ఒకే ఇంట్లోవైనా సరే, రికార్డర్ మారిందంటే మారుతుంది.

ఇప్పుడు ఆ శబ్దంలో ఏముందో చూద్దాం. స్పెక్ట్రమ్ గడియారం 3.5 మెగాహెర్ట్జ్. ప్రతి భాగానికి ముందు 807 హెర్ట్జ్‌లో నిలకడగా ఒక కూత వస్తుంది: హెడర్‌కి (ఫైలు పేరు, పొడవు ఉండే చిన్న భాగం) ముందు సుమారు 5 సెకన్లు, డేటాకి ముందు సుమారు 2 సెకన్లు. తర్వాత రెండు పొట్టి సింక్ పల్సులు, ఆ వెంటనే బిట్లు. సున్నా అయితే 855 గడియారపు టిక్కుల పల్సులు రెండు, ఒకటి అయితే 1710 టిక్కులవి రెండు. రెండు పల్సులు కలిస్తే ఒక చక్రం. మన 44.1 కిలోహెర్ట్జ్ రికార్డింగులో సున్నా చక్రం సుమారు 21.5 శాంపిళ్ళు, ఒకటి చక్రం సుమారు 43. మధ్య గీత 32 దగ్గర పెడితే రెండూ విడిపోతాయి. పైలట్ చక్రం 54.6 శాంపిళ్ళు రావాలి. 57.3 వస్తే టేపు అయిదు శాతం నెమ్మదిగా తిరుగుతోందని అర్థం. ఆ మేరకు మధ్య గీతని కూడా జరపాలి.

బాగున్న టేపులకి ఇదంతా చేత్తో చేయనక్కర్లేదు. స్పెక్ట్రమ్‌ని మన కంప్యూటర్లో అనుకరించే ఫ్యూజ్ ఎమ్యులేటర్‌తో పాటు వచ్చే ఫ్యూజ్ యుటిలిటీస్‌లో ఆడియో2టేప్ అనే ప్రోగ్రాము ఉంది. వేవ్ ఫైలు ఇస్తే, ఎమ్యులేటర్ క్యాసెట్‌లా చదివే టీజెడ్‌ఎక్స్ లేదా ట్యాప్ ఫైలు ఇస్తుంది. ముందు ఎడమ చానెల్‌తో, తర్వాత కుడి చానెల్‌తో వేర్వేరుగా నడిపి చూస్తాను. సగానికి పైగా భాగాలు ఇక్కడే వచ్చేస్తాయి. ఎమ్యులేటర్లో తెరిస్తే చాలు. కరెంటు రొద వల్ల చదవలేకపోతే, కాపీ ఫైలు మీద 100 హెర్ట్జ్ దిగువన కోసేసే హై పాస్ ఫిల్టర్ ఒక్కటి వేస్తాను. 50 హెర్ట్జ్ హమ్ తరంగాన్ని మొత్తంగా పైకీ కిందకీ ఎత్తుతుంది కాబట్టి ఒక పల్సు పొడుగై, పక్కది పొట్టిదవుతుంది. సొంతంగా పైథాన్‌లో డీకోడర్ రాసుకునేవాళ్ళు ఒక్కో పల్సుని విడిగా కాకుండా పూర్తి చక్రాలు కొలిస్తే ఈ బాధ చాలావరకు పోతుంది.

మొండికేసే భాగాల దగ్గరే అసలు పని. ప్రతి భాగానికి మొదట అది హెడరో డేటానో చెప్పే ఒక ఫ్లాగ్ బైటు, చివర ఒక చెక్‌సమ్ బైటు ఉంటాయి. చెక్‌సమ్ అంటే ఫ్లాగ్‌తో సహా అన్ని బైట్ల ఎక్స్‌ఆర్ (రెండు బిట్లు వేరైతే ఒకటి, ఒకేలా ఉంటే సున్నా వేసే లెక్క). హెడర్లో రాసిన పొడవుకి రెండు కలిపి, ఎనిమిదితో హెచ్చవేస్తే ఎన్ని బిట్లు రావాలో తెలుస్తుంది. మొదట ఆ లెక్క చూడాలి. బిట్ల సంఖ్య సరిపోయి చెక్‌సమ్ తప్పితే ఒక రకం, బిట్లే తక్కువో ఎక్కువో అయితే ఇంకో రకం.

బిట్లు సరిపోయినప్పుడు, మనం లెక్కేసిన చెక్‌సమ్‌కీ టేపు మీద ఉన్నదానికీ ఎక్స్‌ఆర్ తీస్తే ఏ స్థానంలో బిట్ తిరగబడిందో చెబుతుంది. ఒక ఉత్తరంలో నాకు ఆ తేడా 00000100 వచ్చింది. ఎక్కడో ఒక అక్షరంలో నాలుగు విలువ గల బిట్ తప్పింది. మధ్య గీతకి బాగా దగ్గరగా, 30 నుంచి 35 శాంపిళ్ళ మధ్య పడిన చక్రాలన్నీ జాబితా తీస్తే, ఆ స్థానంలో పడినది ఒక్కటే ఉంది. అక్కడి అక్షరం 01100101గా చదవబడింది, అంటే 101. నాలుగు తీసేస్తే 97. ఇంగ్లీషు అక్షరాల్లో "ఎమ్మ" అని ఉన్నది "అమ్మ" అయింది, చెక్‌సమ్ సరిపోయింది. ఇలాంటి చోట స్పెల్ చెక్ ఏమీ చేయలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు ఎవరి అలవాటు కొద్దీ వాళ్ళు రాసుకున్నదే. ఆ ఇంటి మాట తెలిసిన మనిషి పక్కన ఉంటే ఎంతో మేలు.

బిట్లు తగ్గితే పరిస్థితి వేరు. స్పెక్ట్రమ్ పద్ధతిలో రెండు సున్నాలకి పట్టే కాలం, ఒక్క ఒకటికి పట్టే కాలం సమానం. సిగ్నల్ నీరసపడి మధ్య అంచులు మాయమైతే రెండు సున్నాలు కలిసి ఒక ఒకటిగా కనిపిస్తాయి. ఒక బిట్ పోతుంది, అక్కడి నుంచి చివరిదాకా ప్రతి అక్షరం ఒక స్థానం జరుగుతుంది. చూడ్డానికి మిగతా ఉత్తరమంతా చెత్తగా కనిపిస్తుంది, నిజానికి పోయింది ఒక్క బిట్టే. ఇక్కడ టాస్‌వర్డ్ టూ అలవాటు మనకి సాయం. అది లైనుకి 64 అక్షరాల చొప్పున, లైను చివర గుర్తేమీ లేకుండా ఖాళీలతో నింపి దాస్తుంది. ఖాళీ అంటే 00100000. ఒక బిట్ పోతే ఆ ఖాళీల వరస 01000000 అవుతుంది, అది ఈమెయిల్ చిరునామాల్లో కనిపించే ఎట్ గుర్తు. ఖాళీలుండాల్సిన చోట ఎట్ గుర్తులు బారులు తీరితే పైన ఎక్కడో సరిగ్గా ఒక బిట్ పోయిందని అర్థం.

చోటు పట్టుకోడానికి బిట్లన్నీ వరసకి ఎనిమిది చొప్పున కాగితం మీద ముద్రించినట్టు నిలువుగా పేరుస్తాను. మామూలు ఇంగ్లీషు అక్షరాల బైట్లన్నిటికీ మొదటి బిట్ సున్నాయే కాబట్టి ఎడమ అంచున సున్నాల గీత తిన్నగా కిందికి దిగుతుంది. బిట్ పోయిన చోట ఆ గీత ఎడమ అంచు వదిలి కుడి అంచుకి గెంతుతుంది. ఆ వరసా, దాని పైన రెండు మూడు వరసలూ ఆడాసిటీలో చూస్తే నీరసపడిన చోటు కంటికే కనిపిస్తుంది. అక్కడున్న ఒక ఒకటిని తీసి రెండు సున్నాలు పెడితే కింది ఉత్తరమంతా ఒక్కసారిగా చదవడానికి వస్తుంది. ఒకే భాగంలో ఇలాంటివి రెండు మూడు ఉంటే పై నుంచి ఒక్కొక్కటే సరిచేసుకుంటూ దిగాలి. చెక్‌సమ్ ఎక్స్‌ఆర్ తేడా అప్పటిదాకా దేనికీ పనికిరాదు, బిట్ల సంఖ్య సరిపోయాకే దాన్ని చూడాలి.

అప్పట్లో జాగ్రత్తపరులు ఒకే ఫైలుని వరసగా రెండుసార్లు సేవ్ చేసేవాళ్ళు. హెడర్లో అదే పది అక్షరాల పేరు మళ్ళీ వస్తే వదిలేయకండి. రెండు కాపీలు, ఒక్కోదానికి రెండు చానెళ్ళు, మొత్తం నాలుగు చదువులు. వాటిని లైను లైనుగా పోలిస్తే చాలా చోట్ల పైన చెప్పిన కష్టమే అక్కర్లేదు.

లెక్కల ఫైళ్ళ దగ్గర ఒక ప్రమాదం ఉంది. సొంతంగా రాసుకున్న బేసిక్ ప్రోగ్రాముల్లో చాలామంది అంకెల్ని ప్రోగ్రాములో కాకుండా వేరియబుల్స్‌లో (ప్రోగ్రాము విలువలు దాచుకునే చోట్లు) ఉంచి, మొత్తాన్నీ కలిపి సేవ్ చేసేవాళ్ళు. హెడర్లో మొత్తం పొడవు, ఆటోస్టార్ట్ లైను, వేరియబుల్స్ వదిలేసి ఒట్టి ప్రోగ్రాము పొడవు అని మూడు సంఖ్యలుంటాయి. మొదటిదీ మూడోదీ ఒకటే కాకపోతే ఆ తేడాలోనే ఇంటి లెక్కలు ఉన్నాయి. ఎమ్యులేటర్లో తెరిచి రన్ కొట్టారంటే స్పెక్ట్రమ్ ముందు వేరియబుల్స్ అన్నీ చెరిపేస్తుంది. గో టు వాడి మెనూ ఉన్న లైనుకి వెళ్ళాలి. దానంతటదే మొదలయ్యే ప్రోగ్రామైతే లోడ్ బదులు మెర్జ్‌తో తెస్తే మొదలవకుండా ఆగుతుంది. ట్యాప్ ఫైలు భద్రంగా ఉంటే ఎన్నిసార్లయినా మళ్ళీ లోడ్ చేసుకోవచ్చు, కానీ రన్ కొట్టి "ఇందులో ఏమీ లేదు" అనుకుని క్యాసెట్ పారేసేవాళ్ళుంటారు. బేసిక్ లిస్టింగు మాత్రం కావాలంటే ఫ్యూజ్ యుటిలిటీస్‌లోనే లిస్ట్‌బేసిక్ ఉంది.

పేర్లు, చిరునామాల పట్టికలు ఎక్కువగా క్యారెక్టర్ ఎరేగా (అక్షరాల వరసల పట్టిక), విడి ఫైలుగా ఉంటాయి. డేటాలో మొదటి బైటు ఎన్ని కొలతలో చెబుతుంది, తర్వాత ఒక్కో కొలతకి రెండేసి బైట్లు, తర్వాత అక్షరాలు. నూరు పేర్లు, పేరుకి 32 అక్షరాలైతే మొత్తం 3205 బైట్లు. మొదటి అయిదూ వదిలేసి 32 చొప్పున విరిస్తే పట్టిక సిద్ధం. అంకెల ఎరే అయితే ఒక్కో అంకె అయిదు బైట్ల రూపంలో ఉంటుంది, దాన్ని ఎమ్యులేటర్లో లోడ్ చేసి ప్రింట్ చేయించుకోవడమే సులువు.

1984లో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద మన బడులకి వచ్చిన బీబీసీ మైక్రో కంప్యూటర్ల టేపులు ఎవరి దగ్గరైనా ఉంటే, వాటి పని ఇంతకన్నా తేలిక. అక్కడ డేటా 256 బైట్ల ముక్కలుగా, ముక్క ముక్కకీ తప్పులు పట్టే సొంత సంఖ్యతో (సీఆర్‌సీ) ఉంటుంది. సున్నాకీ ఒకటికీ ఒకే కాలం పడుతుంది. ఒకచోట చెడితే ఆ ముక్క వరకే చెడుతుంది. స్పెక్ట్రమ్‌కి తగిలించే చిన్న టేపు డ్రైవు, మైక్రోడ్రైవ్ కార్ట్రిడ్జిలు మాత్రం పూర్తిగా వేరే సంగతి. లోపలి ప్యాడ్ చాలావాటిలో ఊడిపోయి ఉంటుంది, దాన్ని మార్చకుండా డ్రైవులో అసలు పెట్టకూడదు. చదవడానికి మామూలుగా, ఆ డ్రైవుని కలిపే ఇంటర్‌ఫేస్ వన్ ఉన్న అసలు మెషీన్ వాడతారు.

బయటికొచ్చిన పాఠాన్ని మామూలు టెక్స్ట్ ఫైలుగా మార్చేటప్పుడు స్పెక్ట్రమ్ సొంత గుర్తులు చూసుకోవాలి. 96వ కోడు ఇక్కడ పౌండు గుర్తు, మామూలు ఎడిటర్లో అది వెనక్కి వాలిన కొమ్ములా కనిపిస్తుంది. ఇంగ్లండు లెక్కల్లో దీన్ని మార్చకపోతే మొత్తాలన్నిటి ముందూ అర్థంకాని గుర్తే మిగులుతుంది. 127 కాపీరైటు గుర్తు. 144 నుంచి 164 వరకు వాడుకరి సొంతంగా గీసుకున్న 21 బొమ్మలు. వాటి ఆకారాలు 168 బైట్ల కోడ్ ఫైలుగా అదే క్యాసెట్లో పక్కనే ఉండొచ్చు, 65368 చిరునామా ఉన్న హెడర్ కోసం వెతకండి. కొందరు తెలుగు అక్షరాలు గీసుకునేవాళ్ళు, ఆ ఫైలు లేకుండా ఆ వాక్యాలు చదవలేం.

ప్రతి సైడుకీ ఒక ఫోల్డరు పెట్టి నాలుగూ ఉంచుతాను: రెండు చానెళ్ళ అసలు రికార్డింగు శబ్దం ఏమీ పోని ఫ్లాక్ ఫైలులో, టేపు ఎలా ఉంటే అలా తీసిన ట్యాప్, నేను సరిచేసిన ట్యాప్, టెక్స్ట్. సరిచేసిన ప్రతి బిట్ ఏ భాగంలో ఎన్నో బైటుదో, ఎందుకు మార్చానో ఒక చిన్న ఫైలులో రాసి పక్కనే పెడతాను. క్యాసెట్ కవరు మీద చేత్తో రాసిన కౌంటర్ అంకెలు, పేర్లు కూడా ఫోటో తీసి అందులోనే వేయాలి. హెడర్లో పది అక్షరాలకే పేరు తెగిపోతుంది కాబట్టి, ఏ ఉత్తరం ఎవరికి రాసిందో చాలాసార్లు ఆ కవరే చెబుతుంది.